అవ్వ కంటికి పచ్చగా కనిపించిన నెత్తురు

ఎనభైలలో ఒక ఎండాకాలం. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఉదయగిరిలో మా ఇంట్లోనే ఉన్నాను. ఒక పొద్దున అవ్వ దగ్గితే నెత్తురు పడింది. నాయన హడలిపోయి ఆమెను ఆత్మకూరు డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోయాడు. తోడుగా నేనూ వెళ్లాను. ఎప్పుడో నయమైన క్షయ ఊపిరితిత్తిలో మచ్చ మిగిల్చిందని, నెత్తురు అక్కడినుంచే వస్తోందని చెప్పి, ఆయన నెత్తురు గడ్డకట్టే మాత్రలు రాశాడు. వాటితో కడుపు చెడవచ్చట. పిక్క వాచినా, కళ్లకు రంగులు తేడాగా కనిపించినా వెంటనే రావాలట. ఇంకొకటి, వక్కాకు నమలకూడదు. నమిలితే ఏది ఉమ్మో ఏది నెత్తురో తెలియదు.

కడుపు, పిక్క, కళ్లు అన్నింటికీ అవ్వ తలూపింది. వక్కాకు దగ్గర మాత్రం మొహం తిప్పుకుంది.

ఆమె ఉమ్మే ముంతలోకి రోజూ తొంగిచూడటం నా వంతు. మొదట తెల్లగానే ఉండేది. తర్వాత ఉన్నట్టుండి ఎర్రబడింది. నాయన ఆత్మకూరు పోయి వస్తే మాత్రలు పెరిగాయి. వాటితో అవ్వ కడుపు కదిలింది. డాక్టరునీ, ఆయన చదువునీ, ఆ చదువు చెప్పినవాళ్లనీ తిట్టుకుంటూ చెంబు పట్టుకుని దొడ్లోకి పరిగెత్తేది. ముంత మాత్రం ఎర్రగానే ఉంది.

మళ్లీ ఆత్మకూరు బయల్దేరిన పొద్దున ముంతలో నాకు వక్క ముక్క కనిపించింది. నాయనతో చెబుదామంటే, బస్సులో అవ్వ నా పక్కనే కూర్చుని దారి పొడుగునా నా తొడ గిల్లుతూనే వచ్చింది.

మాత్రలు పనిచేయడం లేదు కాబట్టి ఇక సూది వేయాలన్నాడు డాక్టరు. సూది అనేసరికి అవ్వకు రంగుల సంగతి గుర్తొచ్చింది.

"ముంతలోది ఎర్రగా యాడుండాది డాక్టరయ్యా? నా కంటికి పచ్చగా ఉండాది."

ఆయన కలం కింద పెట్టేశాడు. అట్లయితే మాత్రలు ఇప్పుడే ఆపాలి, నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలి అన్నాడు. నాయన మొహం పాలిపోయింది. ఆపితే నిజం నెత్తురు మళ్లీ పడుతుందేమోనని నా భయం. పరాయివాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. ఆ రోజు ఎట్లా పెగిలిందో ఇప్పటికీ తెలియదు.

"అవ్వా, నా వోణీ ఏం రంగు?"

"వంకాయ రంగు. మీ నాయన చిలకపచ్చ తెస్తానంటే నేనే గదే వద్దనింది."

అనేసి నాలుక కరుచుకుంది. డాక్టరు ఆ నాలుకనే బయట పెట్టమన్నాడు. అది కుంకుమ భరిణెలో ముంచి తీసినట్టు ఉంది.

"దీనికి నా దగ్గర మాత్ర లేదు పెద్దమ్మా," అన్నాడాయన.

మాత్రలు మొదటి లెక్కకే దిగాయి. వక్కాకు సంచి నా చేతికి వచ్చింది. తిరుగు బస్సులో అవ్వ నా వైపు వీపు పెట్టి కూర్చుంది. "దీనికి నోరు లేదనుకున్నా," అని కిటికీతో చెప్పుకుంది.

కడుపు కుదుటపడింది. ముంత తెల్లబడి తెల్లగానే ఉండిపోయింది. మందు అయిపోయాక సంచి తిరిగిచ్చేశాను. అప్పటినుంచి వక్కాకు నమిలినప్పుడల్లా నన్ను పిలిచి నాలుక చాపేది.

"ఏం రంగో చూడవే."

నేను చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే "పచ్చ," అనేదాన్ని.