భయపడుతూనే వెళ్ళిన మనిషి

మా ఆయన దేవదానం మేస్త్రి ఇక లేరు. రాజాం ఆసుపత్రి నుంచి మనిషిని తీసుకొస్తారని గంజి కాచి కూర్చున్నాను. శవాన్ని తెచ్చారు. ఆ గంజి ఏం చేశానో ఇప్పటికీ గుర్తు రాదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పాస్టరమ్మ గారు సంఘం పత్రికకు రాస్తున్నారు. ఆయన కట్టిన గోడల గురించి సంఘంలో అందరూ చెబుతారు. నేను ఆయన భయం గురించి చెబుతాను.

మా ఊరి చివర గుడిసెలో సింహాచలం అనే ముసలాయన ఉన్నాడు. ఆయనకు చిల్లంగి అనే చేతబడి వచ్చని, ఆయన చేతి తిండి తిన్నవాడు చిక్కిచిక్కి చస్తాడని ఊరంతా నమ్ముతుంది. ఎదురైతే పిల్లల్ని కొంగు కింద దాచుకుంటారు. చిల్లంగి అబద్ధమని నేనూ ఈ రోజుకు గట్టిగా అనలేను.

అలాంటి మనిషిని మా ఆయన సిమెంటు కలిపే పనికి పిలిచారు. ఆ రోజే కూలీలు తట్టలు బోర్లించారు. "మేస్త్రీ, నీకు పిచ్చెక్కినాదేటి? ఆడు కలిపింది మేం మొయ్యాలా?" అని వెళ్ళిపోయారు. ఆ గోడ ఇద్దరే లేపారు.

మధ్యాహ్నం సింహాచలం తన చోడంబలి, అదే రాగి అంబలి, సగం మా ఆయనకు పోసేవాడు. ఒకరోజు నేను అన్నం పట్టుకెళ్ళి చూద్దును కదా, గిన్నె పట్టుకున్న మా ఆయన చెయ్యి వణుకుతోంది. ఇంటికి రాగానే నిలదీశాను.

"అంత బయ్యమైతే ఎందుకు తాగినావు మావా?"

"ప్రభువు ప్రేమించమన్నాడు. బయ్యం పోయినాక ప్రేమించమన్నాడేటే? అది పోయేసరికి ఆ ముసిలోడు సచ్చిపోతాడు."

తరువాత ఆయన కాలిలో మేకు దిగింది. ముందే సుగరు. పుండు ముదిరి విషం ఒంటికెక్కిందని డాక్టరు చెప్పాడు. ఊరు మాత్రం అంబలే అంది.

ఆయన పోయాక మా ఇంటి ముందు పెట్టిన ఆదరణ కూడికలో ప్రార్థన ముగిసి భోజనాలకు కూర్చునే వేళ సింహాచలం వచ్చి పందిరి బయట నిలబడ్డాడు. విస్తళ్ళ ముందు నుంచి జనం లేచిపోయారు. మా మరిది అప్పారావు నా చెవి దగ్గరికి వచ్చాడు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఒదినా, ఆడి సేతి అంబలి తాగినాకే అన్నయ్య పడిపోనాడని ఒక్క మాట సెప్పు సాలు. మిగతాది మేం సూసుకుంటాం."

మిగతాది ఏమిటో మా వైపు అందరికీ తెలుసు. మంత్రం నోట పలకకూడదని పళ్ళు రాలగొడతారు. అక్కడితో ఆగుతారన్న నమ్మకం లేదు. ఆ ముసలాయన ప్రాణం నా నోట్లో ఉంది. ఆ మాట అంటే నా ఏడుపుకు ఒక మనిషి దొరుకుతాడు కదా అని కూడా అనిపించింది.

"మీ అన్నని మేకు సంపినాది. ఆ ముసిలోడు సంపనేదు."

"రేపు నీకేటైనా ఐతే?"

"అప్పుడు సూద్దువుగాని. ముందు ఆయనకి ఇస్తరెయ్యి."

అతను వెయ్యలేదు. నేనే వేశాను. సింహాచలం తల ఎత్తకుండా తిన్నాడు. నేను పక్కన కూర్చున్నాను గానీ జానెడు ఎడంగా జరిగాను. మా ఆయన జరిగేవారు కాదు.

నాకు ఈ మధ్య దగ్గు వస్తోంది. మరిది ఇంటి ముందు వెళ్ళేటప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంటున్నాను. నేను మంచం పడితే ఈసారి నన్నెవరూ మాట అడగరు, నేరుగా ఆ గుడిసెకే పోతారు. అందుకే అందరూ చదివేచోట రాయిస్తున్నాను. ఈ దగ్గు నాకు పొయ్యి పొగతో పట్టింది, ఏళ్ళ నాటిది. నేను పోయినా దానివల్లే పోతాను. సింహాచలం మీద చెయ్యి వేయకండి.

సంఘంలో పెద్దలున్నారు, మంచివాళ్ళే. ఆ గుడిసెకు వెళ్దాం రండంటే తలుపు దాకా వచ్చి ఆగిపోతారు. వణుకుతూ లోపలికి వెళ్ళే మనిషి మాకు ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాం.