యాకయ్య జెయింట్ వీల్‌ను ఆపిన శోభారాణి

శోభారాణిది మరిపెడ పక్క ఊరు. పాలిటెక్నిక్ చదివి, మడికొండలో ఒక చిన్న కంపెనీలో ఇనుమును పరీక్షించే పని చేస్తుంది. కోయకుండా, విరవకుండా లోపలికి శబ్దాన్ని పంపి చూడడమే ఆ పని. ఆ శబ్దం మన చెవికి అందదు. ఇనుము బాగుంటే అవతలి కొసదాకా పోయి తిరిగొస్తుంది. నడుమ పగులుంటే అక్కడినుంచే మళ్లుతుంది. ఏండ్ల తరబడి బరువు మోసి అలసిన ఇనుములో అట్లాంటి పగుళ్లు పైకి కనబడకుండానే పుడతాయి.

మేడారం జాతరకు ముందురోజు, అక్కడ యాకయ్య తిప్పే జెయింట్ వీల్‌ను పరీక్షించడానికి వెళ్లింది. ఆమె సంతకం లేనిదే దాన్ని తిప్పనివ్వరు. ఎంత తొందరున్నా యాకయ్య ముందు ఆమెను నీడకు కూర్చోబెట్టి చాయ తాగించాడు.

చక్రాన్ని మోసే ఇరుసు కొసకు పసుపు కుంకుమలు దట్టంగా ఉన్నాయి. పరికరం నేరుగా ఇనుముకు ఆనాలి. ఆమె తుడవడానికి సంచిలోంచి గుడ్డ తీసింది.

"బిడ్డా, అమ్మల పసుపది! తుడుస్తవా?"

"అమ్మలకు చెప్పుకునే తుడుస్త, కాకా." దండం పెట్టి, పసుపును కాగితంలోకి రాల్చి అతని చేతికే ఇచ్చింది.

పరికరం ఆనించగానే దాని తెర మీద గీత నడుమనే లేచింది. రెండో కొసనుంచి చూసినా అదే చోటు, చక్రం బిగించిన దగ్గర.

"ఇరుసు లోపల పగిలింది, కాకా. తిప్పొద్దు."

యాకయ్య సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. "గుడిగంట లెక్క మోగుతాంది! పదకొండేండ్లసంది తిప్పుతున్న. నీ డబ్బాకే జరమొచ్చిందేమో." పనివాళ్లు నవ్వారు.

ఆమె సంచిలోని మంచి ఇనుప దిమ్మె తీసి పరీక్షించి చూపించింది. గీత ఉండవలసిన చోటే ఉంది. "డబ్బాకు జరం లేదు, కాకా."

"రేపు సారలమ్మ గద్దెకొస్తది. జాతరైనంక మారుస్త, జర సంతకం పెట్టు."

"అమ్మలను మొక్కొచ్చిన పిల్లలెక్కేది దీన్నే. సంతకం పెట్ట." మోటారు స్విచ్ పక్కనే కూర్చుంది. "ఇరుసు ఇప్పేదాంక లేవ."

మధ్యాహ్నం యాకయ్య కోపంగానే ఆమెకు అన్నం పంపాడు, పెరుగుతో సహా. తర్వాత తానే వచ్చాడు. "ఇప్పుత. ఏం దొర్కకుంటే మల్ల నువ్వే బిగియ్యాలె!"

"బిగిస్త."

పొద్దు వాలకముందే ఇరుసు దించారు. చక్రం కింద దాగిన చోటును తుడిస్తే, వెంట్రుకంత గీత సగం చుట్టూ పాకి ఉంది. యాకయ్య దాని మీద గోరు నడిపాడు. గోరు తగిలి ఆగింది. లేచి, కొత్త ఇరుసుకు కబురు పంపాడు.

రెండు రోజులు చక్రం తిరగలేదు. అడిగినవాళ్లకు యాకయ్యే చెప్పాడు, "ఇరుసు మారుస్తున్నం, జర ఓపిక పట్టుండ్రి." మూడోనాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"కొత్తదొచ్చింది బిడ్డా. నువ్వు చూసినంకనే బిగిస్త."

శోభారాణి సంచి భుజానికేసుకుని బస్సెక్కింది.