చివరి కుర్చీ దాకా

ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయని నాలుగు వందల కుర్చీలు. రెండు నిచ్చెనలు. కొత్త రంగు వాసన. ఒక ఆర్కిటెక్టు, ఒక సైటు ఇంజనీరు, మా ఆఫీసు నుంచి ఇద్దరం, శబ్దాన్ని కొలిచే పరికరం ఉన్న నల్లపెట్టె ఒకటి. పోయిన మంగళవారం ఉదయం ఉప్పల్‌లో, మెట్రో స్టేషనుకు కాస్త ఇవతల కట్టిన కొత్త ఆడిటోరియంలో ఉన్నవి ఇవే. నా సహోద్యోగి పెట్టె తెరుస్తుండగా నేను వేదిక మధ్యకు వెళ్ళి ఒక్క చప్పట కొట్టాను. ఆ చప్పుడు వెనక గోడ దాకా పోయి, పైకప్పుకు తగిలి, మెల్లగా చల్లారింది. "రెండు సెకన్లకు కాస్త తక్కువ" అన్నాను. పావుగంట తర్వాత పరికరం ఒకటి పాయింట్ తొమ్మిది చూపించింది. ఆర్కిటెక్టు నా వైపు తిరిగి, ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. నాచారంలో అన్నాను. "అక్కడ ఏ కాలేజీ ఉంది?" అంది ఆవిడ.

నాకు నేర్పిన మనిషి పదో తరగతి దాటలేదు. పేరు నర్సింహ, నాచారంలో అందరికీ మైక్‌సెట్ నర్సింహన్న. వాళ్ళది ఆ ఊరే. తాతల నాటి పొలాలు ఫ్యాక్టరీలూ కాలనీలూ అయిపోయాక ఆయన స్పీకర్లు కొనుక్కుని పెళ్ళిళ్ళకు మైకు పెట్టడం మొదలుపెట్టాడు. చూడనివాళ్ళ కోసం గుర్తులు చెబుతాను: పొట్టి మనిషి, చొక్కా జేబులో టెస్టరు, మెడలో తువ్వాలు, ఎడమచేతికి గాజులా తొడుక్కున్న నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట. ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. దాంతో ఎదుటివాళ్ళు తాము ఏదో ముఖ్యమైన సంగతి చెబుతున్నామనుకునేవారు.

నేను ఆయన్ను మొదటిసారి కలిసింది ఫిర్యాదు చేయడానికి. ఐదేళ్ళ కిందటి మాట. మా నాన్న ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇల్లు ఒక ఫంక్షన్ హాలు వెనక సందులో ఉండేది. నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగంలో చేరమని పిలుపు వస్తుందని ఎదురుచూస్తున్నాను. ఆ పిలుపు నెల నెలా వాయిదా పడుతోంది. వేరే పనిలేక, ఆ హాలులోంచి వచ్చే పెళ్ళిపాటల హోరును ఫోన్‌తో కొలవడం మొదలుపెట్టాను. పంతొమ్మిది సాయంత్రాలు: రోజు, సమయం, డెసిబెల్స్, ఎంతసేపు. రెండు పేజీలు ప్రింటు తీసి హాలుకు పట్టుకెళ్ళాను. నర్సింహన్న బోర్లించిన స్పీకరు పెట్టె మీద కూర్చుని రెండు పేజీలూ చివరిదాకా చదివాడు.

"గిదంత నువ్వే రాసినవా?"

"అవునండీ. నిబంధన ప్రకారం ఇంత మోత ఉండకూడదు."

"అండీ గిండీ వద్దు, అన్నా అను." ఒక వరుస మీద వేలు పెట్టాడు. "గీ గురువారం నాడు మోత ఎందుకు తక్కువున్నది?"

"తెలియదు."

"ఆనాడు నా ఎడమ దిక్కు స్పీకరు కాలిపోయింది. పెండ్లోళ్ళకు తెల్వలే, పిలగానికి తెల్వలే, పంతులుకు తెల్వలే. నీ కాయితానికి తెలిసింది." ఆ పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎల్లుండి సంది ఆషాఢం. పెండ్లిళ్ళు లేవు, నీ చెవులకు సెలవు. పనేం లేకుంటే నా దగ్గరికి రా తమ్మీ."

ఆ తర్వాత మళ్ళీ పెళ్ళిళ్ళ కాలం వచ్చినప్పుడు కూడా ఆయన స్పీకర్లు మా సందు వైపు తిరగలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అమ్మ మాత్రం గమనించింది.

ఆషాఢంలో ఆ హాలుకు తాళం వేసి ఉంచేవారు. రేకుల కప్పు, మూడు పక్కలా షట్టర్లు, ఒక చివర చిన్న వేదిక. ఆ ఏడాది నర్సింహన్న యజమానిని బతిమాలి తాళంచెవులు తీసుకున్నాడు. నెల పొడుగునా సాయంత్రం ఆరున్నరకు ఏదో ఒకటి ఉండాలన్నది ఆయన కోరిక. పట్టిక నేనే వేశాను. సంగీతం పదమూడు, హాస్యం ఎనిమిది, నాటికలు ఐదు. మొత్తం ఇరవై ఆరు. రామంతాపూర్‌లో పాఠాలు చెప్పే సంగీతం టీచరమ్మ, ఆమె శిష్యులు, రైల్వే ఉద్యోగుల హార్మోనియం బృందం, కాలేజీ పిల్లల బ్యాండ్లు, ఉప్పల్ నుంచి ఖవ్వాలీ పాడే అన్నదమ్ములు, పగలు ఆఫీసుకెళ్ళి శనివారాలు జోకులు చెప్పే కుర్రాళ్ళు. అందరికీ అదే వేదిక, అవే స్పీకర్లు, అవే తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు.

మొదటి రోజు నేను చేసిన తప్పు ఇప్పటికీ మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు చెబుతాను. మధ్యాహ్నం మూడు గంటలు లాప్‌టాప్ పెట్టుకుని, ఖాళీ హాలులో ప్రతి స్పీకరునూ సరిచేశాను. తెర మీద గీత చదునుగా వచ్చింది, అంటే సన్నని స్వరమూ బొంగురు స్వరమూ సమానంగా పలుకుతున్నట్టు. సాయంత్రం నూటయాభై మంది వచ్చి కూర్చున్నారు. టీచరమ్మ నోరు విప్పేసరికి గొంతు మీద దుప్పటి కప్పినట్టు వినిపించింది. నర్సింహన్న నా భుజం మీదుగా చెయ్యి చాపి మిక్సరు మీద మూడు మీటలు కదిపాడు. అర నిమిషంలో ఆమె గొంతు బయటికొచ్చింది. పాట అయ్యాక అడిగాడు.

"పగటీలి ఎవలికి వినిపించినవ్ తమ్మీ?"

"ఎవరికీ కాదన్నా. హాలును సెట్ చేశాను."

"కుర్చీలకు వినిపించినవ్. మనిషి వచ్చి కూసుంటే సప్పుడు తాగుతడు. పట్టుచీరెలు ఒక తీరుగ తాగుతయ్, వానకు తడిసిన ప్యాంట్లు ఇంకో తీరుగ తాగుతయ్. నువ్వు వాళ్ళను లెక్కల వెయ్యనే లేదు."

ఇంటికెళ్ళి రెండో సంవత్సరం పాఠ్యపుస్తకం తీశాను. మనుషులు ఎంత శబ్దాన్ని పీల్చుకుంటారో అందులో ఒక పట్టికే ఉంది. పరీక్షలో రాదని వదిలేసిన పేజీ అది.

ఆయన పద్ధతులు రెండే. హాలు తెరవగానే వేదిక మీద నిలబడి ఒక్క చప్పట కొట్టి, అది చచ్చిపోయే దాకా వినేవాడు. కార్యక్రమం నడుస్తుండగా లేచి వెళ్ళి, ఆఖరి వరుసలో ఆఖరి కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చునేవాడు. అక్కడ ఎవరైనా ఉంటే జరగమని, సగం కుర్చీలో సర్దుకునేవాడు. ముందు వరుసలో ఆనందంగా తలలూపే పెద్దలను ఆయన నమ్మేవాడు కాదు. "ముంగటోళ్ళకు మైకు లేకున్నా వినబడ్తది. నాకు జీతమిచ్చేది గీ కుర్చీ" అనేవాడు. టేపు పెట్టి కొలిచాను: వేదిక నుంచి ఆ కుర్చీకి పద్దెనిమిది మీటర్లు. రోజూ డెసిబెల్స్, వచ్చినవాళ్ళ లెక్క రాసే నా పట్టికలో ఆ రోజు నుంచి చివరి కుర్చీ దూరానికి ఒక గడి పెరిగింది.

మూడో ఆదివారం మా బస్తీలో బోనాలు. ఆ సాయంత్రం హాస్యం. వేదిక మీద ఉన్నది ఏఎస్ రావు నగర్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. అతను నాలుగో జోకులో ఉండగా బోనాల ఊరేగింపు డప్పులు దగ్గరపడ్డాయి. అతని గొంతు వినపడేలా నేను మీట పైకి తోస్తున్నాను. నర్సింహన్న నా చేతి మీద చెయ్యి వేసి కిందికి దించాడు. వెళ్ళి పక్క షట్టరు పూర్తిగా ఎత్తేశాడు. ఒళ్ళంతా పసుపుతో, చేతిలో కొరడాతో, ఊరేగింపు ముందు ఆడుతూ నడిచే పోతరాజు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

కుర్రాడికి ఏం తోచిందో, మైకులోనే అడిగాడు. "అన్నా, టికెట్ ఉందా?"

పోతరాజు కొరడా భుజాన వేసుకున్నాడు. "నీ జోకులకు టికెట్ గూడ పెట్టిన్రా బిడ్డా?"

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. "ఇప్పటిదాకా పెద్ద నవ్వు ఆయనకే వచ్చింది. వచ్చేవారం ఆయన్నే పిలవండి" అని కుర్రాడు మైకు కింద పెట్టి తనే ముందు బయటికి నడిచాడు. అందరూ ఊరేగింపు వెంట మూలమలుపు దాకా వెళ్ళి, నుదుట పసుపుతో తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళు నూట ముప్ఫై మంది. తిరిగొచ్చి కూర్చున్నవాళ్ళు నూట నలభై ఒక్కరు. ఆ తర్వాత అతను ఏం చెప్పినా నవ్వారు. "సప్పుడుతోని కొట్లాడొద్దు తమ్మీ" అన్నాడు నర్సింహన్న, కేబుళ్ళు చుడుతూ. "పక్కకు జరిగి తోవ ఇయ్యాలె."

ఆ నెలలో చివరి నాటిక సరోజినిగారిది. ఆమెకు డెబ్బై ఒకటి. నాన్న పనిచేసిన కర్మాగారంలోనే డ్రాయింగ్ సెక్షన్‌లో ఉండేవారు. అక్కడి రిక్రియేషన్ క్లబ్బు నాటకాల్లో ముప్ఫై ఏళ్ళు వేషాలు వేశారు. అంతకు ముందటేడు మెడకు థైరాయిడ్ ఆపరేషన్ జరిగి గొంతు సన్నబడింది. ఆ తర్వాత వేదిక ఎక్కడం అదే మొదలు. ఒక ముసలావిడ ఇంటికి, వాడకం లేదని పాత ఫోను తీసేయడానికి లైన్‌మన్ వస్తాడు. ఆమె కబుర్లతో, కాఫీతో అతన్ని గంటసేపు ఆపుతుంది. చివరికి అతను తీగ కత్తిరించి వెళ్ళిపోయాక, రిసీవరు ఎత్తి గుసగుసగా ఒక్క మాట అంటుంది: "లైన్లోనే ఉన్నాను, చెప్పండి." అదీ నాటిక.

రిహార్సల్ రోజు నేను కాలర్ మైకు తీసుకెళితే ఆమె వద్దన్నారు. "అది పెడితే నా గుసగుస ఆ స్పీకర్లోంచి అరుపై వస్తుంది నాన్నా. అది నా నోట్లోంచే వెళ్ళాలి. చివరి కుర్చీ దాకా వెళ్ళకపోతే ఇక నాకు ఓపిక లేదని అర్థం. మానేస్తాను."

"ఎందుకు పోదమ్మా" అన్నాడు నర్సింహన్న. "ఆఖరి కుర్చీల నేను కూసుంట. నాది జిమ్మెదారి."

ఆమె వెళ్ళాక లెక్కవేసి చూపించాను: పద్దెనిమిది మీటర్లు, ఆ గొంతు, రేకుల కప్పు. అసాధ్యం. ఆయన నా కాగితం చూసి, వేదిక మీద కనపడకుండా రెండు మైకులు వేలాడదీయించాడు. గొంతు ఆమెదే అనిపించేలా, వాటిని ఉండీ లేనట్టు మాత్రమే తెరిచి ఉంచుదామన్నాడు. నిశ్శబ్దంగా ఉంటే అది సరిపోయేదే.

నాటిక మొదలైన తొమ్మిదో నిమిషంలో రేకుల మీద వాన పడింది. నేను మైకులు పెంచాను. ఆ మైకులకు వాన కూడా వినిపిస్తుంది. గొంతుతో పాటు అదీ పెరిగింది. ఇంకాస్త పెంచితే స్పీకర్లు కీచుమన్నాయి. వెనక వరుసలో ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన పక్కావిడ లేచి చెప్పులు వెతుక్కుంటోంది. సరోజినిగారు వాక్యం మధ్యలో ఆగి కుర్చీలో కూర్చుండిపోయారు, ఫోను ఒళ్ళో పెట్టుకుని.

"అన్నా, కాలర్ మైకు పెట్టేద్దాం" అన్నాను.

"మాటిచ్చిన గద."

ఆయన స్పీకర్ల మెయిన్ స్విచ్ ఆపేశాడు. నా ముందున్న పచ్చదీపాలన్నీ ఆరిపోయాయి. అలా నడుచుకుంటూ హాలు మధ్యకు వెళ్ళి, మైకు లేకుండా, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"అందరు లేవుండ్రి. ఎవల కుర్చీ వాళ్ళు పట్టుకోండ్రి. ముంగటికి రాండ్రి. స్టేజీ మీదికి గూడ రావచ్చు. పెద్దోళ్ళ కుర్చీలు పోరగాళ్ళు మొయ్యుండ్రి."

"ఎంత దాంక రావాలె?" అన్నాడు ఒక ముసలాయన.

"అమ్మ కండ్లు కనబడేదాంక."

రెండు వందల కుర్చీలు ఒక్కసారిగా లేచాయి. కొందరు వేదిక చుట్టూ చేరారు, కొందరు మెట్ల మీద, కొందరు పైకే ఎక్కారు. లైన్‌మన్ వేషంలో ఉన్నాయన తన పనిముట్ల సంచీ జరిపి ఒకావిడకు చోటిచ్చాడు. ఆమె కుర్చీ ఫోను బల్లకు ఆనుకునే పడింది. "ఫోను మోగితే నేనెత్తనా అమ్మా?" అందావిడ. సరోజినిగారు అందరికంటే ముందు నవ్వారు. "మోగదమ్మా, కంగారుపడకు. మొదటి నుంచి చెప్పనా?"

"మొదటి సందే చెప్పుండ్రి. మాకు తొందరేం లేదు."

వాన కాస్త తగ్గింది కానీ ఆగలేదు. ఆమె గొంతు పెంచలేదు. ప్రతి మాటా పలికాక, అది చేరిందో లేదో ముఖాల్లో చూసుకుంటూ చెప్పారు. లైన్‌మన్ కాఫీ మూడోసారి వద్దనలేకపోయినప్పుడు వేదిక మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు, ఆ నవ్వు వెనక్కి పాకింది. చివరికి ఆమె రిసీవరు ఎత్తారు. రెండు వందల తలలు ముందుకు వంగాయి. "లైన్లోనే ఉన్నాను, చెప్పండి." నేను ఆపరేటరు బల్ల దగ్గరే ఉండిపోయాను, అందరికంటే దూరంగా. నాకు వినిపించలేదు. ఆఖరి కుర్చీలో ఉన్న నర్సింహన్న తల పక్కకు వంచడం మాత్రం కనిపించింది. ఆ తర్వాత చప్పట్లు వినిపించాయి, వాన కంటే గట్టిగా.

వేదిక దిగి ఆమె నేరుగా ఆయన దగ్గరికి వచ్చారు. "వినపడిందా నరసింహా? నిజం చెప్పు."

"వినబడిందమ్మా. నాకే ఫోన్ జేసిన్రనుకుని, చెప్పబోయిన."

"అయితే వచ్చే ఆషాఢానికి నా పేరు రాసిపెట్టు."

రాసిపెట్టింది నేను. ఆ తర్వాత ఇంకో రెండు ఆషాఢాలు ఆమె ఆడారు.

ఇప్పుడు నర్సింహన్నకు మోకాళ్ళు సహకరించవు. బోడుప్పల్‌లో కూతురి దగ్గర ఉంటాడు. మంగళవారం ఉప్పల్ హాలులోంచే ఫోను చేశాను. "సప్పట కొట్టినవా?" అన్నాడు. కొట్టానన్నాను. "ఆఖరి కుర్చీల కూసున్నవా?" లేదన్నాను. వెళ్ళి, కవరు తీయకుండానే కూర్చున్నాను. ఆర్కిటెక్టు వేదిక మీది నుంచి ఏదో అంది. వినపడలేదు. చేత్తో దగ్గరికి రమ్మని సైగ చేసి, నక్షా తెప్పించమన్నాను. వెనక మూడు వరుసలు ఇంకా నేలకు బిగించలేదట. వాటిని వేదికకు రెండు పక్కలా సర్దవచ్చునని నివేదికలో రాశాను. నేను రాసే ప్రతి నివేదికలోనూ మొదటి గడి చివరి కుర్చీ దూరానిదే.

నాచారం పట్టిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. సరోజినిగారి నాటిక వరుసలో డెసిబెల్స్ గడి ఖాళీ. మర్నాడు కుర్చీలు అలాగే ఉండగా టేపు పట్టి కొలిచాను. వచ్చినవాళ్ళు: రెండు వందల పన్నెండు మంది. చివరి కుర్చీ: ఏడు మీటర్లు.