వెన్ను ఒత్తి చూసే మనిషి

"...మరి కొవ్వు యాడున్నదో చూపియ్యి! ఉన్నదే నలభై రెండు కిలోలు. గా డాక్టరమ్మకు కండ్లున్నయా?"

అంటూనే అమ్జద్ పెళ్లాం చెయ్యి పట్టుకుని, మోచేతి పైన రెండు వేళ్లతో ఒత్తి చూశాడు. సంతలో మేక వెన్ను ఒత్తినట్టే. షహనాజ్ బేగం చెయ్యి గుంజుకుంది.

"బేరమాడుతున్నవా, ఆలియా అబ్బా? పండ్లు గూడ చూస్తవా?" అంది, ఎప్పట్లాగే కూతురి పేరుతో మొగుణ్ణి పిలుస్తూ.

దేవరుప్పులలో అమ్జద్‌ది మాంసం దుకాణం. ఇరవై ఏండ్లుగా కత్తి పట్టినవాడు కాబట్టి కొవ్వు సంగతి తన తర్వాతే ఎవరికైనా అని నమ్మకం. ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సమ్మె శిబిరంలో చేసిన రక్తపరీక్షల్లో షహనాజ్‌కు కొలెస్ట్రాల్ మూడు వందలు దాటిందని తేలింది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని డాక్టరమ్మ అడిగితే, అక్క నలభై నాలుగేండ్లకే గుండె ఆగి పోయిందని చెప్పింది. ఆ అక్కా బక్కదే. షహనాజ్‌కు ఇప్పుడు నలభై మూడు. రోజూ ఒక గోలీ, ఆపొద్దు అంది డాక్టరమ్మ. పద్దెనిమిది రోజులైంది. ఒక్క గోలీ కొనలేదు.

అమ్జద్ వైద్యం రోజుకొకటి. ఒకనాడు ఎల్లిగడ్డ, ఒకనాడు మెంతుల నీళ్లు. "అలవాటైతే సచ్చేదాక ఇడువది గా గోలీ" అంటాడు, జర్దాపాన్ దవడకు పెట్టుకుని. అదే శిబిరంలో ఒక్కరోజు నిరాహారదీక్షకు కూర్చున్ననాడు పొద్దున ఆరు రొట్టెలు, ఖీమా తిని పోయి, సాయంత్రం నిమ్మరసం తాగి వచ్చి, నీరసమని కాళ్లు పట్టించుకున్న మనిషి! ఒంటి సంగతి ఈయన చెప్పాలి, తాను వినాలి. పద్దెనిమిది రోజులు విన్నందుకు షహనాజ్‌కు తన మీద కూడా రోతగానే ఉంది.

మర్నాడు ఆమె దుకాణం వెనక పేగులు కడుగుతోంది. సమ్మెలో ఉన్న పంతులు సోమనర్సయ్య మాంసానికొచ్చాడు.

"ఏంది అమ్జద్ భాయ్, బక్కదాన్ని కోసినట్టున్నవ్?"

"బక్కదే సార్. వెన్ను ఒత్తితే బొక్కలే తగిలినయ్. కోసి చూస్తే పేగుల చుట్టు గింత కొవ్వు! మేక జాతే గంత. పైకి ఏం తెల్వది."

షహనాజ్ చేతులు కడుక్కుని ముందుకొచ్చింది.

"ఇంకోపారి చెప్పు."

"ఏందే?"

"గదే. ఒత్తి చూస్తే తెల్వదన్నది."

అమ్జద్ కత్తి ఆపాడు. "గది మేక. నువ్వు మనిషివి."

"మరి నిన్న మనిషినెందుకు ఒత్తి చూసినవ్?"

సోమనర్సయ్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. అమ్జద్ కాసేపు మాంసం మీద ఈగలు తోలాడు.

"బస్సులు బంద్ గదా. గోలీలకు జనగామ ఎట్ల పోతవ్?"

"ఆటోల పోత. గోలీలు తెచ్చుకుంట. ఇయ్యాల్టి సంది ఏసుకుంట."