పెన్సిల్ వరస

మా అక్కకు కుదరబోయిన సంబంధం నేను రాసిన ఒక వాక్యం వల్ల చెడింది. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్లు.

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ వెనక సందులో మావాళ్లకు సంబంధాలు చూసే సార్ ఒకాయన ఉండేవారు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన రిజిస్టర్‌లో అమ్మాయికో పేజీ. వయసు, చదువు, ఎత్తు, నక్షత్రం ఇంకుతో రాసేవారు. అవతలివాళ్లకు చెప్పకూడనివి పేజీ అడుగున పెన్సిల్‌తో ఒక వరస. కాలు ఈడుస్తుంది, ఒకసారి నిశ్చయమై తప్పింది, తల్లి నోరు మంచిది కాదు, ఇట్లాంటివి. పూలు పండ్లు అయి సంబంధం ఖాయమైన రోజున ఆ వరసను రబ్బరుతో తుడిచి, కాగితం మీద ఊది, "ఇగ ఈ పిల్లకు ఏ వంక లేదు" అనేవారు.

నేను ఆయన ముందుగదిలో కంప్యూటర్ మీద పెళ్లిపత్రికలు టైపు చేసేదాన్ని. భివండీ, షోలాపూర్‌లలో మగ్గాల మీద స్థిరపడ్డ మనవాళ్లు కూడా చూసుకునేలా రిజిస్టర్‌ను వెబ్‌సైటు చేయాలని సార్‌కు పట్టుదల వచ్చింది. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో నాకొక చిన్న ప్రోగ్రాం దొరికింది. ఒక్కో అమ్మాయి వివరాలు ఒక్కో ఫైల్లో టైపు చేసి పెడితే, వాటన్నిటినీ ఒకే నమూనాలో పోసి వెబ్ పేజీలుగా చేసి ఇస్తుంది. ఎక్కడినుంచి తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి, ఏ వరస చూపాలి, ఏది దాచాలి అన్నవి సెట్టింగుల ఫైల్లో రాయాలి. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఆ వారం రోజులూ నేను సంతోషంగా ఉన్నాను.

మా అక్క బీడీలు చుట్టేది. నాలుగో తరగతితో చదువు ఆపేసింది. ఆమె పేజీ వంతు వచ్చినప్పుడు సార్ రిజిస్టర్ మూసి, "మీ అక్కది నువ్వే రాయి బిడ్డా. పెన్సిల్‌ది సుత. నా దగ్గర దాచకు, రేపు నేనే మాట్లాడాలె" అన్నారు.

పత్రికలకు వాడే తెలుగు అక్షరాలు ఆ ప్రోగ్రాంలో కుదురుగా వచ్చేవి కావు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఇట్లా కొట్టాను: "తంబాకు దగ్గు ఉంది. ఇంటికి ఎవరైనా వస్తే స్నానాల గదిలోకి పోయి, చప్పుడు కలిసిపోవాలని బకెట్లో నీళ్లు గుమ్మరిస్తూ దగ్గుతుంది."

మొదటి వాక్యం చాలు. రెండోది సార్‌కు అక్కర్లేదు. నా డైరీలో రాసుకున్నది, బాగా కుదిరిందని ఎత్తి అక్కడ పెట్టాను.

ముందు అన్ని వరసలూ కనపడేలా పేజీలు తయారుచేసి, సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు దిద్దాను. ఆ తరువాత పెన్సిల్ వరసను దాచమని సెట్టింగుల్లో రాసి మళ్లీ నడిపాను. మార్పు జరిగిన ఫైళ్లకే ఆ ప్రోగ్రాం కొత్త పేజీలు చేస్తుందని, మిగతా పాత పేజీల జోలికి పోదని నాకు తెలియదు. సెట్టింగులు మారిన సంగతి దానికి పట్టదు. దిద్దిన ఫైళ్లు మాత్రం కొత్తగా తయారయ్యాయి. వాటిలోంచే నాలుగు తెరిచి చూశాను. పెన్సిల్ వరస లేదు. మొత్తం నెట్‌కు ఎక్కించాను. ఒక్క తప్పు కూడా లేకుండా టైపు చేసిన ఫైళ్లు పెన్సిల్ వరస కనపడే పాత పేజీలతోనే వెళ్లిపోయాయి. అక్క ఫైల్లో ఒక్క తప్పు కూడా లేదు.

బోధన్ అవతల చెరుకు వేసే కుటుంబం ఒకటి అంతకుముందే అక్కను చూసి, నచ్చిందని కబురు పంపింది. రోజు ఖాయం చేసుకోవడానికి అబ్బాయి తండ్రి, చిన్నాయన, మేనత్త వచ్చారు. అమ్మ చాయ్ ఇచ్చింది. చిన్నాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"మావోని దోస్తులు నెట్‌ల సూసి తీసిచ్చిండ్రు. ఇది మీ పిల్లదే కదా? ఫోటో అయితె గీమెదే."

అని, నా రెండు వాక్యాలనూ కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చాలాసేపు పట్టింది.

మేనత్త కప్పు కింద పెట్టకుండానే అక్కతో, "పోయి ఒక్కసారి తానం జేసిరా బిడ్డా. నీళ్ల సప్పుడు ఎట్లుంటదో మేము ఇంటం" అంది. చిన్నాయన నవ్వాడు. తండ్రి ఆపలేదు.

"గిట్ల ఎవలు రాసిండ్రు?" అంది అమ్మ. "నా బిడ్డ దినాం రెండు మూడు పాలి తానం జేస్తది, శుభ్రం ఎక్కువ. గంతే."

అమ్మకు నిజంగానే తెలియదు. స్నానాల గది రేకు తలుపు బయట బట్టలుతికే బండ మీద కూర్చుని పుస్తకం చదువుకునేది నేనొక్కదాన్నే. అక్క తల తిప్పి నావైపు చూసింది. వచ్చినవాళ్లు చాయ్ మొత్తం తాగి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున విషయం తెలిసి సార్ తల పట్టుకున్నారు. "పెన్సిల్‌దైతే రబ్బర్‌తోని పోతుండె" అని, మిగతా అమ్మాయిల ఇళ్లకు తనే పోయి చెప్పుకుంటానన్నారు. అంతలో అక్క వచ్చింది. నా పక్క కుర్చీలో కూర్చుంది.

"సదువు."

చదివాను.

"ఇంకేమేం రాసినవ్ నా గురించి? నీ బుక్కులల్ల?"

"ఏం లేదక్కా."

"అబద్ధం. నీకు మాట్లాడరాదు గని రాయొస్తది."

సార్ కల్పించుకుని, పేజీ ఇప్పుడే తీసేయిస్తానన్నారు.

"అందరి పిల్లలవి తీయుండ్రి సార్. నాది ఉండనీయుండ్రి. వచ్చేటోడు సదువుకొనే రానీ. మా ఇంట్ల కూసోని, మా చాయ్ తాగుకుంట నా మొకం మీద సదువుడు వద్దు."

"గట్లయితె ఎవడు రాడు బిడ్డా."

"రాకపోతె రాకపాయె." నావైపు తిరిగింది. "ఎట్ల ఉంచుతవో ఉంచు. సదువుకున్నదానివి."

పాత పేజీలున్న ఫోల్డరు మొత్తం తుడిచేశాను. సెట్టింగుల్లో పెన్సిల్ వరస దాచమన్న మాట కింద, అక్క ఫైలుకు మాత్రం చూపమని ఇంకో మాట చేర్చాను. ఎన్నో తిప్పలు పెట్టిన ప్రోగ్రాం దాన్ని మొదటిసారికే ఒప్పుకుంది. కొత్త పేజీ తెరిచాను. ఆ వరస ఎక్కడుందో వేలుపెట్టి చూపించమంది అక్క. చూపించాను. ఎంత పొడుగుందో చూసుకుని లేచి వెళ్లింది.

ఎవరూ రాలేదు. ఆ వెబ్‌సైటు ఉన్నన్నాళ్లూ వారం వారం కొత్త అమ్మాయిలను చేర్చి ప్రోగ్రాం నడిపేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే అక్క బీడీల చేటలోంచి తలెత్తకుండా, నాది సరిగ్గ వచ్చిందా అని అడిగేది. వచ్చిందని చెప్పేదాన్ని.