అరచేతికి మూడు చుట్లు

సముద్రం నాకు మ్యాపులో నీలం రంగుగానే తెలుసు. పుట్టింది చిక్కడపల్లి, తిరుగుడంతా నారాయణగూడ ఫ్లైఓవర్ కింద. ఈత రాదు. అయినా ఉగాదికి ముందు వారం విశాఖపట్నం వెళ్లి, పడవ కిరాయికి మాట్లాడుకుని చేపలు పడదామని పట్టుబట్టింది నేనే. ఎవడో పెద్ద చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్న వీడియో ఫోన్‌లో చూశాను, అంతే.

నా స్నేహితుడు రానని మొండికేశాడు. సూర్యాపేట దగ్గరి పల్లె వాడిది. నాలుగేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ప్రిలిమ్స్ దాటాడు. ఇంకో నెలన్నరలో మెయిన్స్, రోజుకు మూడు గంటలు చేత్తో రాయాలి.

"రెండు రోజులేరా. జర గాలి తగిలితే బుర్ర మంచిగ పనిచేస్తది" అని లాక్కెళ్లాను.

పడవాయన అరవై దాటిన మనిషి. ముందు ఒడ్డుకు దగ్గరగా, రాళ్ల పక్కన ఆపాడు. గాలం కట్టిన నైలాన్ దారం చెరొకటి ఇచ్చి, "వేళ్ల మధ్యన జారనివ్వాలి బాబూ. చేతికి మాత్రం చుట్టుకోకండి" అన్నాడు. గంటలో అరచేయంత చేపలు ఆరు పడ్డాయి. నాకు పొగరెక్కింది. ఊహ తెలిసినప్పటి నుంచి డాబా మీద పతంగులు ఎగరేసినవాణ్ని, దారం సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా?

తర్వాత లోపలికి తీసుకెళ్లాడు. ఒడ్డు సన్నని గీతయింది, కాసేపటికి ఆ గీత కూడా పోయింది. ఎటు చూసినా నీళ్లే. పడవ అంచును గట్టిగా పట్టుకున్నాను. భయమని ఒప్పుకోవడానికి నామోషీ, అందుకని వాగడం మొదలుపెట్టాను. స్నేహితుడి చేతిలో తడి దారం జారిపోతోంది.

"అరే, మాంజా పట్టినట్టు పట్టుకోరా. అరచేతికి మూడు చుట్లు చుట్టు. మా గల్లీల అందరం గట్లనే పడ్తం."

"చుట్టొద్దన్నడు కదరా ఆయన."

"ఆయన గట్లనే అంటడు. ఏం కాదు, చుట్టు."

వాడు చుట్టుకున్నాడు. పడవాయన ఇంజిన్ మీదికి వంగి ఉన్నాడు, చూడలేదు.

అది ఏ చేపో మాకు కనిపించనే లేదు. దారం ఒక్కసారిగా బిగిసింది. వాడు పడవ అంచు మీద బోర్లాపడ్డాడు. కుడిచేయి భుజం దాకా నీళ్లలోకి పోయింది. నేను వాడి నడుం పట్టుకున్నాను గాని నా కాళ్లూ జారుతున్నాయి. వదిలేస్తే నేను బతుకుతానని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది. ఇంతలో పడవాయన పరుగున వచ్చి కత్తితో దారం కోసేశాడు.

మూడు చుట్లూ మాంసంలోకి దిగి ఉన్నాయి. తువ్వాలు చుడితే నిమిషంలో ఎర్రబడింది. ఒడ్డుకు గంటన్నర ప్రయాణం.

"వేళ్లు కదుల్తున్నయారా? జర చూడు" అని వాడు అడుగుతూనే ఉన్నాడు. బొటనవేలు కదిలింది. చూపుడు వేలు, మధ్య వేలు కదల్లేదు.

"కదుల్తున్నయ్" అన్నాను. అంత భయం నేను ఎన్నడూ ఎరగను. వాడి చెయ్యి ఏమవుతుందోనని సగం, ఎట్లా జరిగిందని నన్ను అడుగుతారేమోనని సగం.

ఆసుపత్రిలో డాక్టరు అడగనే అడిగాడు. "తెలియక చుట్టుకున్నాడు సార్" అన్నాను. వాడు పక్కనే ఉన్నాడు, విన్నాడు.

లోపల నరాలు తెగితే కుట్టారు. పట్టీ విప్పిన వారానికే మెయిన్స్ వచ్చాయి. వాడు రాశాడు. ఏ పేపర్లోనూ చివరి ప్రశ్న దాకా చేరలేకపోయాడు.

ఆఖరి పరీక్ష మర్నాడు వాళ్ల నాయిన హాస్టల్‌కు వచ్చాడు, కొడుకును ఊరికి తీసుకుపోవడానికి. చేతి సంగతి వాడు అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. మంచం మీద కూర్చుని వాడి చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎట్లయింది బిడ్డా ఇది?"

నేను వాడి పుస్తకాలు సంచిలో సర్దడం మొదలుపెట్టాను.

"నేనే చుట్టుకున్న నాయినా. వీడు వద్దనే అన్నడు. వీడు పట్టుకోకుంటే నీళ్లల్ల పోదును."

ఆయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా కొడుకును బతికించినవ్ బిడ్డా" అన్నాడు. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"చాయ్ తాగుతరా అంకుల్?" అన్నాను.