రీమర్ దొర వంతెనతో కుట్టిన జుబ్బా

మా తాత గంగయ్య వంతెనలు కట్టినానంటాడు. నమ్మకండి. మలయాలోని క్లాంగ్‌ ఊళ్లో ఒక కంట్రాక్టు కంపెనీలో, ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన ప్లాన్ల మీద గంజి పెట్టిన పల్చటి బట్ట పరిచి, ఆ గీతల్నే సిరాతో దిద్దేవాడు. అంతే. నిజంగా కట్టినవాడు రీమర్ దొర.

రీమర్ జర్మనీవాడు. అక్కడ తాను కట్టిన మూడు వంతెనలూ యుద్ధంలో కూలిపోయాక, కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద ఇంగ్లీషువాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో మలయా వచ్చాడు. కువాలా సెలంగోర్ దారిలో నది మీద వంతెనకు లెక్కలన్నీ ఆయనవే. బరువు పరీక్ష రోజున పైన సైన్యం లారీలు వరసగా నిలబెట్టించి, కింద పడవలో కూర్చున్నాడు. పక్కన మా తాత. వణకలేదంటాడు. అదీ నమ్మకండి.

ప్లాను మూలన రీమర్ పేరు దిద్దింది తాతే. ఇంగ్లీషు మేనేజరు అది చూసి, నిన్నటి శత్రువు పేరేమిటి, నా పేరుతో ఇంకోటి దిద్దు, దీన్ని పారెయ్యి అన్నాడు. తాత కొత్తది దిద్దాడు. పాతది పారెయ్యలేదు.

"గంగయ్యా, మీ ఇంట్లో దాచు. నాకు అదొక్కటే సాక్ష్యం," అన్నాడట రీమర్.

గేటు దగ్గర తాత సంచిని ఎవరూ అనుమానించరు. పాడైన ప్లాను బట్టలు ఇంటికి తీసుకెళ్లడం వాళ్లకు మామూలే. వాటిని ఉడకబెట్టి గంజీ సిరా వదలగొడితే మల్లు లాంటి గుడ్డ మిగులుతుంది. ఆఫీసులో అందరి పిల్లలూ వాటితో కుట్టినవే తొడిగేవారు. తాత ఆ బట్టను బీరువాలో పెట్టి, మామ్మతో ఒక్క మాటా చెప్పలేదు. ఆఫీసు సంగతులు ఆడవాళ్లకెందుకట!

మెర్డెకా, అంటే మలయాకు స్వతంత్రం, వచ్చిన నెలకు రీమర్ మా ఇంటికొచ్చాడు. కొత్త సర్కారుకు వంతెనల ఇంజనీరు కావాలి. ఇక్కడ నువ్వు కట్టిందేదో చూపించమన్నారట. తాత బీరువా అంతా కిందికి దించాడు.

"అప్పలమ్మా, ఇక్కడున్న బట్టేదే?"

"ఆ గీతల గుడ్డా? ఉడకబెట్టీసినాను. గుంటడికి రెండు జుబ్బాలొచ్చినాయి. ఏటలా సూత్తారు, మీరే కదా తెచ్చినారు!"

గుంటడంటే మా నాన్న. ఆ జుబ్బాతోనే గచ్చు మీద పాకుతున్నాడు. రీమర్ వంగి, అంచు పట్టుకుని వెలుతురుకు చూశాడు. ఒక్క గీత లేదు.

"పోనీ, దిద్దింది నువ్వే కదా. అక్కడ నా పేరుండేదని ఒక ఉత్తరం రాసివ్వు."

"ఆ మేనేజరు ఇంకా ఉన్నాడు. ఉద్యోగం పోతాది దొరా," అన్నాడు తాత.

మామ్మ ఇచ్చిన కాఫీ మొత్తం తాగి రీమర్ వెళ్లిపోయాడు. జార్జ్ టౌన్‌లో గోదాముల రేకు కప్పులకు కొలతలు తీస్తూ ముసలివాడయ్యాడని తర్వాత విన్నారు. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా తిట్లు తిన్నది మామ్మే.

రిటైరైన మర్నాడు తాత ఆ ఉత్తరం రాసి రీమర్‌కు పంపాడు. నాలుగు పేజీలు. మనిషి పోయి రెండేళ్లయిందని కవరు తిరిగొచ్చింది. ఇప్పుడది రేకు పెట్టెలో ఉంది. తాళంచెవి తాత మొలతాడుకుంది. అది తీసినప్పుడల్లా మామ్మకు తిట్లే.

"ఊరుకో లా తాతా! కాగితాన్ని మామ్మ ఉడకబెట్టినా జుబ్బా రాదు," అన్నాను ఒకసారి, ఇక్కడి అలవాటు ప్రకారం మాటకు 'లా' తగిలించి.

మామూలుగానైతే కర్ర లేచేది. ఆ రోజు లేవలేదు.

"బట్ట ఉడకబెట్టినాది మీ మామ్మ. ఉత్తరం రాయనోణ్ణి నేను," అన్నాడు.

మామ్మకు వినబడేలా మాత్రం అనలేదు.